మూడో తొలకరి

మాసయ్య ఇంకా రాలేదు. గోడ గడియారం తొమ్మిదీ అయిదు చూపిస్తోంది, అది ఎప్పుడూ మూడు నిమిషాలు ముందు నడుస్తుంది కాబట్టి తొమ్మిదీ రెండు. పదింటికి బీఎస్సీ సెకండియర్ పిల్లలు నలభై మంది తెల్లకోట్లు తొడుక్కుని మెట్లెక్కి వస్తారు, కోట్ల మీద కొత్తబట్ట మడతలు కూడా పోయుండవు, ఈ ఏడాదికి ఇదే వాళ్ల మొదటి డిసెక్షన్. మైనం పోసిన పళ్లేలు ఇరవై, ఇద్దరికి ఒకటి చొప్పున, బల్లల మీద సర్దేశాను. గుండుసూదులు పెట్టాను. క్లోరోఫాం సీసా బీరువాలోంచి తీసి మళ్లీ లోపలే పెట్టాను, ఆ వాసన పిల్లలకంటే ముందు గదిలోకి రావడం నాకు ఇష్టం ఉండదు. అన్నీ ఉన్నాయి, కప్పలే లేవు. కప్పలు తెచ్చేది మాసయ్య. ఆరేళ్లుగా ప్రాక్టికల్స్ ఉన్న ప్రతి రోజూ తొమ్మిది కొట్టేలోపే తడి గోనెసంచి భుజాన వేసుకుని వెనక మెట్ల మీంచి వస్తాడు, చెప్పులు గుమ్మం బయట విడుస్తాడు, సంచి తొట్టిలోకి దించి, "చూస్కో అమ్మా, అన్నీ పానంతోనే ఉన్నయి" అంటాడు. ఆలస్యమైన రోజు ఒక్కటి కూడా గుర్తు రావడం లేదు. అందులోనూ నిన్న సాయంత్రం అంత వాన పడ్డాక. వాన పడితే కప్పలకు కరువేముంది, లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర వాళ్ల బస్తీ పక్క కాలువలోనే చేతికి దొరుకుతాయి.

నిన్నటి వాన. ఆ మాట అనుకోగానే వెళ్లి కిటికీ దగ్గర నిలబడతాను. నారాయణగూడ సందు ఇంకా ఆరలేదు, గుంతల్లో నిలిచిన నీళ్లను స్కూటర్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. ఈసారి మృగశిర అంతా ఎండిపోయింది, జులై వచ్చాక గాని మబ్బు పట్టలేదు. నిన్న ఆరున్నరకు చిక్కడపల్లిలో, లైబ్రరీ వెనక నా కిరాయి గదిలో బియ్యం కడుగుతున్నాను, ఎదురింటి రేకుల మీద మొదటి చినుకుల చప్పుడు, వెంటనే మట్టివాసన, నా చెయ్యి దానంతటదే మంచం కిందికి పోయింది, టేప్‌రికార్డర్ కోసం. టేప్‌రికార్డర్ అక్కడ లేదు, యూనివర్సిటీ స్టోర్స్‌కు అప్పగించి ఆరేళ్లయింది, అప్పగించినట్టు సంతకం కూడా పెట్టాను. చేతికి ఆ సంగతి తెలియదు. చేతికి తొలివాన అంటే ఇంకా సంచి సర్దుకోవడమే, బ్యాటరీలు, టార్చిలైటు, థర్మామీటరు, నోటుబుక్కు, అచ్చంపేట బస్సు. అన్నం పొయ్యి మీద పెట్టి కిటికీ పక్కన కూర్చున్నాను. చాలాసేపు విన్నాను. ఆటోలు, ఎవరిదో టీవీ, మోరీ పొంగుతున్న గలగల, నాకు కావలసిన చప్పుడు తప్ప అన్నీ ఉన్నాయి. ఆ చప్పుడు ఇక్కడెందుకుంటుంది అనుకుని పడుకున్నాను.

పెద్ద కుండ మూతి దగ్గర నోరుపెట్టి లోపలికి ఊఁక్ అంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది అది. ఒకటి అంటుంది, రెప్పపాటు ఆగి దూరంగా ఇంకొకటి అంటుంది, కాసేపటికి చెరువు మొత్తం అదే. పుస్తకాల్లో దానికి పొడుగాటి లాటిన్ పేరుంది, మాసయ్య బుడ్డకప్ప అంటాడు, నా నోటికీ అదే వస్తుంది. ఊదిన బుడ్డలాంటి ఒళ్లు, ఆ ఒంటికి సరిపోని చిన్న మూతి. చీమలూ చెదలూ తింటూ ఏడాదంతా భూమిలోపలే ఉంటుంది. తొలివాన గట్టిగా పడితే ఆ సాయంత్రమే పైకొచ్చి, నీళ్ల మీద తేలుతూ జోడును పిలిచి, గుడ్లు పెట్టి, తెల్లారేసరికి మళ్లీ మట్టిలోకి దిగిపోతుంది. ఏడాది మొత్తానికి ఒక రాత్రి, మహా అయితే రెండు. ఆ రాత్రి కోసం మిగతా మూడువందల చిల్లర రోజులు కాచుకుని ఉండటమే ఒకప్పుడు నా పని. మా పిన్ని ఎవరికైనా నన్ను పరిచయం చేయాలంటే కొంచెం తడబడేది, "యూనివర్సిటీలో ఏదో రీసెర్చి" అనేసి మాట మార్చేది. ఏదో కాదు పిన్నీ, అని నేను ఎప్పుడూ చెప్పలేదు. నా గైడు కాశీవిశ్వనాథం సారు అయితే చెప్పేవారు. పట్టుచీర ఎలా నేస్తారో చెప్పినంత శ్రద్ధగా చెప్పేవారు. గుడ్డు పెట్టిన గంట నుంచి తోక ఊడి పిల్ల ఒడ్డెక్కేదాకా ఎన్ని రోజులు, మనకు కావలసింది ఆ ఒక్క లెక్క, అనేవారు. ఆ మడుగులు వాననీటి మడుగులు, ఎంతోకాలం నిలవవు. నీళ్లు ఎండేలోపు తోక ఊడాలి. ఆ పందెంలో కప్ప ఎన్నిసార్లు గెలుస్తోందో తెలిస్తే, ఏ మడుగు పూడిస్తే ఏ కప్పలు పోతాయో చెప్పగలం. "వానను పిలవలేం శ్రీలక్ష్మీ. వచ్చినప్పుడు ఇంట్లో లేకుండా ఉండగలం, అంతే మన చేతిలో ఉంది," అనేవారు.

మొదటి ఏడు మేం ఇంట్లోనే ఉన్నాం. తొలకరి పడిందని మాసయ్య పక్కూరి పోస్టాఫీసు నుంచి ఫోను చేయించేసరికి మరునాటి మధ్యాహ్నం, మేం బస్సు దిగి మడుగు చేరేసరికి గుడ్లు పిగిలి పిల్లలు నీళ్లలో నల్లటి తుంపుల్లా కదులుతున్నాయి. ఎన్నింటికి పెట్టాయో చెప్పేవాళ్లు లేరు. గంట తెలియని గుడ్డు లెక్కకు పనికిరాదు. సారు మడుగు ఒడ్డున గొడుగు వేసుకుని కూర్చుండిపోయారు. అప్పుడు మాసయ్య మాకు రోజు కూలీకి దారి చూపించే మనిషి, నలభై అయిదేళ్లుంటాయి, ఒక ఎకరం చెలక, దాన్లో ఏ ఏడూ సరిగా పండని జొన్న. ఆయనకు చదువు లేదు. కాని కాలికింద మట్టి మెత్తదనాన్ని బట్టి కింద కప్ప ఉందో లేదో చెప్పేవాడు, ఒకసారి నేను నమ్మకపోతే జానెడు లోతు తవ్వి చూపించాడు, కళ్లు మూసుకుని గుండ్రాయిలా పడుకుని ఉంది, దాన్ని చూసి ఇద్దరం గుసగుసగా మాట్లాడుకున్నాం, నిద్రపోతున్న పసిబిడ్డ దగ్గర మాట్లాడుకున్నట్టు. రెండో ఏడు నేను మే నెలాఖరు నుంచే వాళ్ల ఊళ్లో ఉన్నాను, వాళ్ల ఇంట్లోనే, ఆయన భార్య బీరమ్మ నాకు నులకమంచం ఇచ్చి తాను కింద పడుకునేది. ఆ ఏడు అన్నీ దొరికాయి. పిలుపు టేపు మీదికెక్కింది, నీళ్ల వేడి, గాలిలో చెమ్మ, గుడ్లు పెట్టిన గంట, అన్నీ రాసుకున్నాను. గుడ్లను బకెట్లో పట్టుకుని ల్యాబుకు బయలుదేరాను. బస్సు కల్వకుర్తి దాటాక చెడిపోయింది. ఎండలో మూడు గంటలు. కొంగు తడిపి బకెట్ మీద కప్పాను, ఎవరో ముసలాయన తన తాగేనీళ్లు పోశాడు. సాయంత్రానికి గుడ్లన్నీ తెల్లగా పొంగిపోయాయి. పక్కసీటులోని ఆవిడ, "ఏం చేపలమ్మా?" అని అడిగింది. నేను కొంగు లాగి బకెట్‌ను పూర్తిగా కప్పేశాను. మూడో ఏడు మడుగు ఒడ్డునే తొట్లు పెట్టి పెంచుదాం అన్నారు సారు. మూడో ఏడు ప్రాజెక్టు ఆగిపోయింది. సారు రిటైరయ్యారు, రెండేళ్ల కిందట పోయారు కూడా. ఒక్క వాన తక్కువైన నా థీసిస్ అట్టపెట్టెలో ఉంది.

"మేడమ్, ప్రిన్సిపాల్ సారు అడుగుతున్నరు, కప్పలు వచ్చినయా అని." అటెండరు ఎల్లేశం గుమ్మంలో నిలబడ్డాడు. తొమ్మిదీ ఇరవై. వస్తాయని చెప్పు అన్నాను. "మాసయ్య గిట్ల చేసేటోడు కాదు గద మేడమ్. పానం బాగుందో లేదో." అదే నా భయం కూడా. ఆయనను ఈ పనిలో పెట్టింది నేను. ఊళ్లో చెలక అమ్ముకుని, బీరమ్మను తీసుకుని మహబూబ్‌నగర్ కూలీల వెంట నగరానికి వచ్చి, వెతుక్కుంటూ ఈ కాలేజీ మెట్లెక్కి, "ఏమన్న పని సూడమ్మా" అని నిలబడ్డప్పుడు నాకు తెలిసిన పని ఇదొక్కటే. నేనూ అప్పటికి ఆరు నెలలకని చేరిన డెమాన్‌స్ట్రేటర్ని. కప్పలు పట్టి తెస్తావా మాసన్నా, ల్యాబుకు కావాలి అన్నాను. ఆయన పళ్లేల వంక చూశాడు. "కోసెతందుకా?" అన్నాడు. అవునన్నాను. మర్నాటి నుంచి తెస్తున్నాడు. మట్టి తొక్కి లోపలి కప్పను పసిగట్టే మనిషిని నేను కప్పలమ్ముకునేవాడిని చేశాను, ఆయన కళ్లకు నేను ఏమైపోయినట్టు కనిపిస్తున్నానో ఎప్పుడూ అడగలేదు. సంచి దించేటప్పుడు మాత్రం ఏడాదికొకసారి, మొదటి వానలప్పుడు, తలెత్తకుండా అంటాడు, "ఈపాటికి ఆడ అరుస్తుంటయి." అంతే. నేను ఊఁ అంటాను. ఇద్దరం సంచి మూతి విప్పుతాం.

రేషన్ కార్డు కాగితంలో వృత్తి దగ్గర టీచర్ అని రాశాను. ఎన్నికల లిస్టు రాసుకోవడానికి వచ్చిన ఆవిడకు కూడా అదే చెప్పాను. అబద్ధమేం కాదు. కప్ప గుండెకు మూడు గదులని ఆరేళ్లలో ఎంతమందికి చెప్పానో, చెబుతున్నప్పుడు ఇంకా కొట్టుకుంటున్న ఆ గుండెను పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు, ఆ చూపు నాకు ఇష్టం, అందులో ఎక్కడో నాకు తెలిసిన మనిషి కనిపిస్తుంది. కాని గంట కొట్టగానే వాళ్లు పళ్లేలు కడిగేసి వెళ్లిపోతారు. చనిపోయినదాని లోపల ఏముందో చెప్పడం ఒక పని, బతికున్నది ఏం చేస్తుందో కాచుకుని చూడటం ఇంకో పని. ఆ రెండోది నాది. నాది అని ఎవరితో అనాలి, ఎక్కడ రాయాలి?

మెట్ల మీద అడుగుల చప్పుడు. మాసయ్యే. మోకాళ్లదాకా బురద, కళ్లు ఎర్రగా, ఒంటి మీది అంగీ ఒంటి మీదే ఆరినట్టుంది. భుజాన సంచి లేదు. సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు, పొడిగా ఉంది.

"కప్పలు తేలేదమ్మా," అన్నాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. "ఏమైంది మాసన్నా, పానం బాగలేదా?" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, గొంతు తగ్గించి, "బుడ్డకప్పలు," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అచ్చంపేట పోయొచ్చావా అన్నాను. "అచ్చంపేట ఏందమ్మా, గీడనే. అశోక్‌నగర్ల. మా బీరమ్మ మట్టి మోస్తున్న కాడ, పాతిల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్‌కు గుంత తవ్విన్రు గద. నిన్న పొద్దుగూకంగ ఆమెను తోల్కపోనీకి పోయిన. వానకు గుంత నిండింది. జర ఆగినంక ఒకటి అన్నది. నేను నమ్మలే. ఇంకోటి అన్నది. ఇగ మొత్తం అవే."

అశోక్‌నగర్ నా గదికి నడిచిపోయేంత దూరం. నేను కిటికీ పక్కన కూర్చుని వింటున్న ఆ సమయంలోనే, ఆటోలకూ టీవీలకూ అవతల, నాలుగు సందుల దూరంలో, అవి పిలుస్తున్నాయి. ఆ ఇంటి పెరట్లో ఎవరి కాళ్లకింద ఎన్నేళ్లుగా పడుకుని ఉన్నాయో. నేను నూటయాభై కిలోమీటర్ల అవతలికి మనసు పంపించి నిద్రపోయాను. నన్నెందుకు పిలవలేదు మాసన్నా, అన్నాను, నా గొంతు నాకే కోపంగా వినిపించింది.

"నీ ఇల్లు నాకు తెల్వది గదమ్మా. తెలిసినా, నేను నీ కోసం పోతే ఆడ ఎవరు సూస్తరు? గుడ్లు ఎప్పుడు పెట్టినయో ఎవరు చెప్తరు? మొదటి పారి గదే గద పోగొట్టుకున్నం." చెయ్యి గోడకు ఆనించాడు. "కూసున్న. వాచ్‌మన్ కాడ గడియారం ఉన్నది, ఊకె పోయి అడిగిన, తిట్టిండు. మొదటి జోడు నాలుగింటికి పది నిమిషాలు తక్కువున్నప్పుడు పెట్టింది. ఆఖరుది అయిదు గొట్టినంక. నేను కదల్లే. అందుకే నీ కప్పలు పట్టలే." చంకలోని సంచి సర్దుకుని, "పదిన్నరకు మోటార్ పెట్టి నీళ్లు తోడుతరట. కాంక్రీట్ పోస్తరు," అన్నాడు.

తొమ్మిదీ ముప్పై అయిదు. ఆలోచించానని చెప్పలేను. రెండు బకెట్లు, ప్లాస్టిక్ మగ్గులు, థర్మామీటరు, బీరువా అడుగు నుంచి నోటుబుక్కు. ఎల్లేశం మెట్ల దగ్గర ఎదురయ్యాడు. "ఇవాళ ప్రాక్టికల్ లేదని పిల్లలకు చెప్పు." ఎల్లేశం నా చేతిలో బకెట్ల వంక, మాసయ్య కాళ్ల వంక చూశాడు. "సారుకు ఏమని చెప్పాలె మేడమ్?" కప్పలు రాలేదని చెప్పు. వెళ్లి వచ్చాక నేను మాట్లాడతాను. "మెమో ఇస్తరు మేడమ్." ఇవ్వనీ.

ఆటోలో మాసయ్య బకెట్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చిక్కడపల్లి రోడ్డు, లైబ్రరీ గేటు, మలుపు తిరగగానే అశోక్‌నగర్, వాన వెలిసిన పొద్దున టీ బండ్ల దగ్గర హాస్టల్ కుర్రాళ్లు గ్లాసు ఒక చేత్తో, మడిచిన నోట్స్ ఒక చేత్తో, ఏవో తారీఖులు వల్లె వేసుకుంటున్నారు. ఊళ్లు వదిలొచ్చి, ఎప్పుడు పడుతుందో తెలియని నోటిఫికేషన్ కోసం. వాళ్లను రోజూ చూస్తాను, ఇవాళ ఏదో చుట్టరికం అనిపించింది. సారు ఉంటే ఈ ఆటోలో నా పక్కన కూర్చుని ఏం చేసేవారు? పంచె మోకాలిదాకా మడుచుకుంటారు. మూడో ఏడు. ఇదే నా మూడో ఏడా, ఆరేళ్లు ఆలస్యంగా, అడవి అంచున కాకుండా సిమెంటు బస్తాల పక్కన? నీళ్లు ఉన్నాయో, మోటార్ ముందే పెట్టారో. ఆటో గుంతలో పడి లేచింది, మాసయ్య ఖాళీ బకెట్లను కూడా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.

గుంత పెద్దది, నడుం లోతు ఎర్రనీళ్లు. మోటార్ ఒడ్డునే ఉంది, పైపు అప్పటికే నీళ్లలోకి దించారు. బీరమ్మ తట్ట పక్కన పెట్టి గట్టు మీద కూర్చుని ఉంది, నన్ను చూసి లేచింది. "వచ్చినవా బిడ్డా. ఆయిన రాత్రంత పిచ్చోని తీర్గ గీడనే ఉన్నడు." కప్ప ఒక్కటీ కనిపించలేదు. తెల్లవారకముందే మట్టిలోకి దిగిపోయాయి, ఎప్పటిలాగే నేను వచ్చేసరికి వెళ్లిపోయాయి. కాని నీళ్ల మీద, ఈశాన్యం మూల, చెయ్యంత వెడల్పున పలచటి పొర, దాని నిండా గసగసాలు చల్లినట్టు గుడ్లు. ఏడేళ్లయింది వాటిని చూసి. మోకాళ్ల మీద కూర్చున్నాను, చీర బురదలో పడింది. ఇంత చిన్నవా అనిపించింది. నా జ్ఞాపకంలో ఇంతకంటే పెద్దవి.

సూపర్‌వైజర్ కుమారస్వామి డీజిల్ డబ్బా పట్టుకుని వచ్చాడు. ముప్పయ్యేళ్ల మనిషి, రాత్రి వానతో పని ఆగి పరేషాన్‌గా ఉన్నాడు. "ఎవరు మేడమ్ మీరు? లోపలికి రావొద్దు, ఒడ్డు జారుతది." ఒక గంట మోటార్ ఆపమన్నాను. "గంటనా? ట్రక్కులు బయలెల్లినయి. ఏముంది గుంతల?" గుడ్లున్నాయి, కప్పల గుడ్లు అన్నాను. అతను నవ్వలేదు, నిజంగానే అర్థం కాక నన్ను చూశాడు. "మీరు ఏం చేస్తరు మేడమ్? ఏం పని మీది?"

కాలేజీలో పాఠాలు చెప్తా అనడానికి నోరు తెరిచాను. "బయాలజిస్టును," అన్నాను. ఆ మాట ఎదుటి మనిషితో అని ఎంతకాలమైందో, నా చెవులకే కొత్తగా వినిపించింది. "ఇవి ఎన్ని రోజులకు కప్పలైతయో చూసి రాస్తా. అదే నా పని."

అతను మాసయ్యను చూశాడు, బీరమ్మను చూశాడు. "రాత్రి ఈయననేనా వాచ్‌మన్‌ను సతాయించింది?" మాసయ్య తల దించుకున్నాడు. కుమారస్వామి డీజిల్ డబ్బా కింద పెట్టాడు. "అర్ధగంట. మళ్ల నన్ను అడగొద్దు."

ముగ్గురం నీళ్లలోకి దిగాం. పొరను చెదరనివ్వకుండా మగ్గును పక్కకు వంచి, నీటితో పాటే లోపలికి జారనివ్వాలి, బీరమ్మకు చూపించాను, రెండోసారికి ఆమె నాకంటే మెల్లగా చేసింది. మాసయ్య గుంత నీళ్లే బకెట్లలో సగానికి నింపాడు, వేరే నీళ్లయితే చచ్చిపోతాయని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దొరికినన్ని దొరికాయి, మూలన రాళ్ల సందులో కొన్ని మిగిలిపోయాయి, చెయ్యి అందలేదు. చాలాసేపు ప్రయత్నించాను. మాసయ్య నా మోచెయ్యి పట్టుకుని, "ఇగ చాలమ్మా," అన్నాడు. రెండు బకెట్లు నీడలో, గోడ పక్కన, మీద తడి గోనెసంచి.

ఇటుకల మీద కూర్చుని నోటుబుక్కు తెరిచాను. తడిచేతి ముద్ర పడింది కాగితం మీద. తారీఖు. స్థలం, అశోక్‌నగర్, హైదరాబాదు, పునాది గుంత. నీళ్ల లోతు. నీళ్ల వేడి, ఇరవై ఆరు. మొదటి జత గుడ్లు పెట్టిన సమయం, మూడూ యాభై. ఆఖరి జత, అయిదు దాటాక. పక్క గడిలో, చూసినవారి పేరు. ఇన్నేళ్లలో ఆ గడిలో సారు పేరో నా పేరో తప్ప ఇంకొకటి రాయలేదు, మడుగులన్నీ చూపించింది, కప్పలన్నిటినీ ముందు విన్నది ఎవరైనా. కలం ఆగింది. ఆయన వంక చూశాను, మోకాళ్లు కడుక్కుంటున్నాడు.

"మాసన్నా, మీ ఇంటిపేరేంది?"

"ఎందుకమ్మా?"

"ఇక్కడ రాయాలె. రాత్రి చూసింది నువ్వు గద."

ఆయన చేతులు అంగీకి తుడుచుకుని దగ్గరికి వచ్చాడు. నా వేలు ఎక్కడుందో వంగి చూశాడు, ఆ గడి ఖాళీగా ఉంది. కుమారస్వామి మోటార్ తాడు లాగాడు, అది ఒకసారి దగ్గి ఆగింది, మళ్లీ లాగాడు. ఆ మోతలో వినపడదేమోనని మాసయ్య నా చెవి దగ్గరికి వంగి, పటేలు ముందో సర్కారు ముందో చెప్పినట్టు కాకుండా, మామూలుగా, నిదానంగా చెప్పాడు.

"మండ్లి," అన్నాడు. "మండ్లి మాసయ్య."